దిష్టి తగలని మాట

మీ ఇంట్లో ఆటలాడే పిల్ల ఉందా? ఉంటే, ఆమె ఆటలో మీరు కళ్లారా చూసిన ఒక మంచి సంగతిని, ఆమె ముఖం చూసి, ఆమెకే చివరిసారి ఎప్పుడు చెప్పారు? చుట్టాలతో ఫోన్‌లో చెప్పినవి లెక్కలోకి రావు. అల్మారాలో పెట్టిన గెలుపు కప్పు మీ బదులు మాట్లాడదు.

ఈ ప్రశ్నను నేను మొదట మా ఇంటికే వేశాను. ఎవరి దగ్గరా జవాబు లేదు. మరుపు వల్ల కాదు, నియమం వల్ల. మా ఇంట్లో పిల్లలను మెచ్చుకోరు. మెచ్చుకుంటే దిష్టి తగులుతుంది.

ఆ నియమానికి కాపలా మా అమ్మమ్మ. మడికొండలో మాకు కిరాణా దుకాణం ఉంది, దాని వెనకే ఇల్లు. సరుకులకు వచ్చినవాళ్లు నన్ను చూసి పిల్ల బాగా చదువుతుందట కదా అంటే, లోపలి నుంచే ఆమె జవాబు వచ్చేది. ఏం చదువో ఏమో, ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టదు అని. చంటిపిల్లల చెంపకు కాటుక చుక్క పెట్టినట్టు, ఎదిగిన పిల్లలకు ఆమె మాటతో చుక్క పెట్టేది. అందులో ప్రేమే తప్ప మరొకటి లేదని నాకు తెలుసు. అందుకే చాలాకాలం ఆ నియమాన్ని ప్రశ్నించాలని తోచలేదు. కాలేజీ డిబేట్ జట్టులో ఉండి, వేదిక మీద దేన్నయినా ప్రశ్నించే నాకు నా ఇంటి గడప కనిపించకపోవడం విచిత్రమే.

నేను డిగ్రీలో ఉండగా మా చిన్నమ్మ కూతురు ఇంటర్ చదవడానికి మా ఇంటికి వచ్చింది. వాళ్లది రఘునాథపల్లి దగ్గరి ఊరు. బాబాయి పత్తి వేస్తాడు. చెల్లె కబడ్డీ ఆడుతుంది, అందులోనూ రైడర్. అవతలి జట్టు గీత దాటి ఒంటరిగా లోపలికి వెళ్లి, ఎవరినో ఒకరిని తాకి, దొరకకుండా తిరిగి రావడం ఆమె పని. వెళ్లినప్పటి నుంచి వచ్చేదాకా ఒకే ఊపిరితో కూత వినిపిస్తూ ఉండాలి. కూత తెగితే అవుట్. ఊరి బడి పక్కన ఎర్రమట్టి మైదానంలో ఆమె కూత రోడ్డు దాకా వినిపించేదని చిన్నమ్మ ఒకసారి గొంతు తగ్గించి చెప్పింది, ఎవరో వింటారన్నట్టు.

బాబాయి ఒక షరతు పెట్టి పంపాడు. ఈ ఏడాది జిల్లా జట్టులో చోటు దొరికితే ఆట సాగుతుంది. దొరకకపోతే ఆట బంద్, పుస్తకాలు ఒక్కటే. ఆయన కఠినుడు కాడు. అయిదారేళ్లుగా కూతురిని మైదానానికి పంపినందుకు ఊళ్లో నలుగురి మాటలూ పడ్డవాడు. ఇక ఆయనకూ ఒక రుజువు కావాలి.

వచ్చిన కొన్నాళ్లకే రుజువు ఎదురు తిరగడం మొదలైంది. సాధనలో చెల్లెకు అడ్డు లేదు. వేరే కాలేజీ జట్టుతో ఆట అనగానే మనిషి మారిపోయేది. పొద్దున్నే అరచేతులు చల్లబడేవి. ఇష్టమైన ఉప్మా పళ్లెంలోనే ఆరిపోయేది. బూట్ల లేసులు కట్టేది, విప్పేది, మళ్లీ కట్టేది. మైదానంలో లోపలికి వెళ్లిన కాసేపటికే ఊపిరి అయిపోయి ఖాళీ చేతులతో వచ్చేది, లేదా కూత తెగి అవుటయ్యేది. జట్టులోని పిల్లలు ఊళ్లె పులి, పట్నంల పిల్లి అని వెక్కిరించారు. అదీ స్నేహమే. చెల్లె కూడా నవ్వింది, ఇంటికొచ్చి అన్నం తినలేదు.

జిల్లా జట్టు సెలెక్షన్లు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను.

“ఫికర్ చెయ్యకు చెల్లె. నువ్వు తప్పక సెలెక్ట్ అయితవ్.”

ఆమె బూటు మీది మట్టి గోరుతో గీకుతూ, తలెత్తకుండానే అడిగింది. “ఎట్ల చెప్తానవ్ అక్కా? నా ఆట ఒక్కనాడన్న చూసినవా?”

వేదిక మీద ఎవరైనా ఆధారం లేకుండా ఒక మాట అంటే నేను లేచి నిలబడతాను. ఆ సాయంత్రం ఆ పని కూర్చున్నచోటి నుంచే ఆమె చేసింది. ఆమెకు నేను ఇచ్చింది ధైర్యం కాదు, ఆధారం లేని తీర్పు. భయపడుతున్న మనిషి ఎంత నిశితంగా వింటుందో అప్పుడు తెలిసింది. లోపల భయం ఒక ప్రతివాదిలా నిలబడి, నువ్వు ఓడిపోతావు అని వాదిస్తూ ఉంటే, మనం బయటి నుంచి గెలుస్తావు అని అరుస్తాం. రెంటికీ ఆధారం లేదు. కానీ భయం ఆమెకు మనకన్నా దగ్గరగా కూర్చుని ఉంటుంది.

మర్నాటి నుంచి నేను పొద్దున్నే ఆమెతో మైదానానికి వెళ్లడం మొదలుపెట్టాను. చూడకుండా మాట్లాడకూడదన్నది డిబేట్‌లో నాకు అబ్బిన మొదటి పద్ధతి.

కబడ్డీ గురించి నాకు పెద్దగా తెలియదు. గొంతు గురించి కొంత తెలుసు. సాధనలో చెల్లె కూత కింది స్థాయిలో, కడుపులోంచి, సాగే మోటారు శబ్దంలా మొదలయ్యేది. బయటి జట్టు వచ్చిన రోజు అదే కూత మొదటి మాటకే పైకి లేచి, కేకలా మొదలయ్యేది. కేకతో మొదలైన గొంతు ఎక్కువసేపు నిలవదు. మొదటిసారి మైకు ముందు నిలబడ్డప్పుడు నా గొంతుకూ ఇదే జరిగింది. సభకు నమస్కారం చెప్పేసరికే సగం ఊపిరి ఖర్చయింది. కాళ్లలో బలం, ఒంట్లో ఒడుపు అన్నీ ఉండగా చెల్లెను వెనక్కి లాగుతున్నది అవతలి జట్టు కాదని నాకు స్పష్టమైంది.

వాళ్లను ఆడించే పీఈటీ సారు మంచి మనిషి. ఆడపిల్లలను ఆటకు పంపమని ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించినవాడు. ఆయనకూ ఒక నియమం ఉంది. మెచ్చుకుంటే నెత్తికెక్కుతుంది. తప్పు చేస్తే ఈల వేసి, ఎక్కడ తప్పో చెప్పి, మల్లా ఆడు అనేవాడు. బాగా ఆడితే ఏమీ అనేవాడు కాదు. సారు ఊరకున్నాడంటే బాగా ఆడినట్టేనని మిగతా పిల్లలు లెక్క వేసుకున్నారు. చెల్లెను అడిగితే వేరే లెక్క చెప్పింది. ఊరకున్నాడంటే ఇక తనకు చెప్పి లాభం లేదని అనుకున్నాడేమోనట.

అక్కడ నేను ఆగిపోయాను. ఒకే మౌనం. నమ్మకం ఉన్న పిల్లకు అది మెచ్చుకోలుగా వినిపిస్తుంది, భయం ఉన్న పిల్లకు శిక్షగా వినిపిస్తుంది. ఇంట్లో అమ్మమ్మ కాటుక చుక్క, మైదానంలో సారు మౌనం. ఇద్దరూ ఆమెను కాపాడుతున్నామనే అనుకున్నారు. ఊళ్లోనూ ఇలాంటివాళ్ల మధ్యే పెరిగిన ఆ పిల్ల తన ఆటలో ఏది బాగుందో ఒక్క మాట వినకుండా ఇంటర్ దాకా వచ్చింది. మరి భయం లేచి, నువ్వు ఆడగలవనడానికి సాక్ష్యమేదీ అని అడిగితే, ఆమె ఎవరిని చూపిస్తుంది?

దీన్ని ఎలా విప్పాలో మా డిబేట్ జట్టు అలవాటు ఒకటి చెప్పింది. పోటీకి ముందు మేం మాలో మేమే రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటాం. అయ్యాక ఎవరూ ఎవరినీ పొగడకూడదు. అవతలి పక్షంలో నిలబడినవాళ్లు తమకు ఏ వాదనకు జవాబు దొరకలేదో మాత్రం దాచకుండా చెప్పాలి. నా మొదటి పోటీకి ముందు ఒక సీనియర్ మొహం ముడుచుకుని, నీ రెండో పాయింట్ దగ్గర నాకు దారి దొరకలేదు, చిరాకేసింది అంది. మర్నాడు వేదిక మీద గొంతు వణికినప్పుడు నేను పట్టుకున్నది ఆ చిరాకునే. మనవాళ్ల మెచ్చుకోలును మనం అనుమానిస్తాం. ఎదురు నిలబడినవాళ్ల ఫిర్యాదును అనుమానించడం కష్టం.

చెల్లెకు రోజూ ఎదురు నిలబడేవాళ్లు ఆమె జట్టులోనే ఉన్నారు. ఒక పొద్దున సాధన అయ్యాక, అందరూ మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతుండగా, సారు ఫోన్ మాట్లాడుతూ గేటు దాకా వెళ్లాడు. నేను ఆ పిల్లలను అడిగాను. చెల్లెను పొగడొద్దు, ఒక్క ముక్క కూడా వద్దు. ఆమె రైడ్‌కు వచ్చినప్పుడు మీకు ఏది కష్టమో అది చెప్పండి చాలు.

మొదట అందుకున్నది మూలలో కాపు కాసే కార్నర్ పిల్ల. వరంగల్ బజారులో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి, మాట ఆగదు.

“ఏది కష్టమా అక్కా? మొత్తం కష్టమే. ఇది ఎడమ దిక్కు చూస్తది, కుడి దిక్కు తన్నుతది. నేను చూపును నమ్మాల్నా, కాలును నమ్మాల్నా?”

“మడమ పట్టుకుంటే సబ్బు పట్టుకున్నట్టే,” అంది పక్కనున్న పిల్ల. “చేతుల ఉన్నదనే అనుకుంట. చూసేసరికి గీత మీద ఉంటది.”

“నీకేం దొరుకుతదే,” అని ఇంకొకతె కార్నర్ పిల్లనే ఆటపట్టించింది. “మీటరు పట్టే చేతులు నీయి.”

కార్నర్ పిల్ల ఆ మాట పట్టించుకోలేదు. కాసేపు నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండి, ఈసారి మెల్లగా చెప్పింది. “నవ్వద్దు మరి. ఇది లోపటికి రాంగనే నా కాలు దానంతటదే ఎనక్కి జరుగుతది. సారు చూస్తే తిడతడని మల్ల ముందుకు పెడ్త.”

నవ్వొద్దంది కాబట్టి అందరూ నవ్వారు. చెల్లె నవ్వలేదు. అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూస్తూ అడిగింది.

“ఇన్ని దినాలు నాకు ఎందుకు చెప్పలేదే?”

“చెప్తే నీకు దిష్టి, మాకు సారు తిట్లు,” అంది కార్నర్ పిల్ల. “ఇప్పుడు గూడ మేం మెచ్చుకుంటలేం. మొత్తుకుంటానం.”

ఇంటికి వచ్చే ఆటోలో, మడికొండ దగ్గర దిగేముందు చెల్లె, నిజంగానే కాలు వెనక్కి జరుగుతుందంటావా అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. నేను చూడలేదు మరి. ఈసారి ఆధారం లేని మాట చెప్పదలుచుకోలేదు.

సెలెక్షన్ రోజున అమ్మమ్మ తానూ వస్తానంది. అంతమంది కళ్లు పడే చోటికి పిల్లను ఒంటరిగా పంపడం ఆమెకు ఇష్టం లేదు. కొంగు ముడిలో నిమ్మకాయ పెట్టుకుని స్టేడియంలో ముందు వరుసలో కూర్చుంది. వచ్చిన పిల్లలను అధికారులు కలిపి రెండు జట్లుగా విడదీశారు. కార్నర్ పిల్ల అవతలి జట్టులో పడింది. చెల్లె అరచేతులు ఆ రోజూ చల్లగానే ఉన్నాయి. ఫిర్యాదులు వింటే భయం పోతుందని నేను అనుకోలేదు. అది పోలేదు కూడా.

మొదటి రైడ్‌లో కూత కేకలాగే మొదలైంది. ఖాళీగా వచ్చింది. రెండోదీ అంతే. వరుసగా రెండుసార్లు ఖాళీగా వస్తే మూడోసారి తప్పక పాయింట్ తేవాలి, లేకుంటే అవుట్. సెలెక్షన్లలో ఆ మూడోది పోగొట్టుకున్న రైడర్‌ను అధికారులు గుర్తుపెట్టుకుంటారని, అది మంచి గుర్తు కాదని, చెల్లె ముందే నాతో చెప్పి ఉంది. బాబాయి షరతు మొత్తం ఆ ఒక్క ఊపిరి మీదికి వచ్చింది.

ఆమె గీత దాటింది. కూత మళ్లీ పైననే మొదలైంది. నేను బెంచీ అంచు పట్టుకున్నాను. లోపలికి రెండు అడుగులు వేశాక ఏమైందో ఏమో, కూత దిగింది. ఎవరో మోటారు సర్దినట్టు, కింది స్థాయికి వచ్చి, కుదురుకుని, సాగింది. ఎడమకు చూసింది. కుడికాలు వెళ్లింది. ఇద్దరు మీద పడ్డారు, ఒకరి చేతిలో మడమ ఉంది. మడమ వాళ్ల చేతిలో ఉండగానే ఆమె వేళ్లు మధ్యగీతను తాకాయి. కూత అప్పటికీ వినిపిస్తూనే ఉంది.

ఆ రెండు అడుగుల దగ్గర ఏం జరిగిందని తర్వాత అడిగాను. “దాని కాలు ఎనక్కి జరిగింది అక్కా,” అంది. “నా కండ్లతోని చూసిన. అది నిజమే చెప్పింది.”

కథ ఇక్కడే ఆపితే నా వాదన గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ ఆ తర్వాత జరిగింది దాచడం న్యాయం కాదు. వరుసగా కొన్ని పాయింట్లు తెచ్చాక చెల్లెకు హుషారు ఎక్కువైంది. వెనక్కి రావలసిన చోట ఇంకొకరిని తాకాలని లోపలికి వెళ్లి, కార్నర్ పిల్ల చేతికే చిక్కింది. మీటరు పట్టే చేతులు ఈసారి వదల్లేదు. సగం ఆట విరామంలో సారు మా బెంచీ దగ్గరికే వచ్చి, అందుకే పిల్లలను మెచ్చుకోవద్దనేదని నాకు చెప్పాడు. మెట్ల మీది సంగతి ఎవరో చేరవేశారు. ఆయన మాటలో న్యాయం ఉంది. నమ్మకం కొలత దాటితే అదీ కాళ్లకు అడ్డం పడుతుంది. నేను వాదన సిద్ధం చేసుకుంటూ ఉండగానే, నీళ్లకు మా దగ్గరికి వచ్చిన చెల్లె అందుకుంది. ఆమె సారుకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

“సారూ, ఇది మెచ్చుకున్నందుకు వచ్చింది గాదు. నేను తొందరపడ్డ, అది తప్పే. తప్పయితే తప్పని చెప్పుండ్రి. కని మంచిగ ఆడిననాడు అది గూడ చెప్పుండ్రి సారూ. మీరు ఊకుంటే నాకు తెల్వది.”

సారు ఈల తాడు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. అప్పు తీరుస్తున్నవాడిలా అటు తిరిగి అన్నాడు. “మూడో రైడ్‌ల కూత మంచిగ పట్టినవ్. గట్లనే పట్టు. పో.”

నేను సిద్ధం చేసుకుంటున్న వాదన కన్నా ఆమె మాట చిన్నది, సూటిది. అడిగింది పొగడ్త కాదు. ఈల ఎంత సూటిగా తప్పు చూపిస్తుందో, అంత సూటిగా ఒప్పును కూడా చూపించమంది. తప్పొకటే వినే పిల్ల తన గురించి సగమే తెలుసుకుంటుంది. ఆ సగంతో ఆమె ఎంతకాలం ఆడగలదు?

రెండో సగంలో చెల్లె ఆట గొప్పగా ఏమీ లేదు. నిలకడగా ఉంది. ఒకటి తెస్తే చాలనుకున్నప్పుడు ఒకటే తెచ్చింది. కూత ఒక్కసారీ తెగలేదు. మా వెనక కూర్చున్న ఒకావిడ, ఆమె కూతురూ సెలెక్షన్‌కు వచ్చి ఉంటుంది, ముందుకు వంగి అమ్మమ్మను అడిగింది. “గా రైడ్‌కు పోతాన పిల్ల ఎవరి బిడ్డనో గని, జబర్దస్తుగ ఆడుతాంది గదా?”

నేను అమ్మమ్మ వైపు చూశాను. కాటుక చుక్క ఇప్పుడు పడుతుందని నాకు తెలుసు. ఏం ఆడుతుందో ఏమో, కింద మీద పడుతుంది అనే మాట ఆమె నాలుక చివర ఉండే ఉంటుంది. విరామంలో చెల్లె సారుతో అన్నదంతా ఆమె అక్కడే కూర్చుని వింది. కొంగు ముడిలోని నిమ్మకాయను ఒకసారి తడుముకుంది.

“మా పిల్లనే,” అంది. ఆ తర్వాత, అంతటితో ఆగలేక, “మంచిగనే ఆడుతాంది,” అని కలిపింది. ఆ రెండో మాట వెనకావిడ ఒక్కతికే వినిపించేంత మెల్లగా అనలేదు. రైడ్ ముగించి గీత దగ్గర ఊపిరి తీసుకుంటున్న చెల్లె తల తిప్పి మా వైపు చూసింది.

ఎంపికైన వాళ్ల పేర్లు మైకులో చదివినప్పుడు చెల్లె పేరు ఉంది. కార్నర్ పిల్ల పేరూ ఉంది. ఇద్దరూ ఒకరినొకరు కొట్టుకుంటూ నవ్వారు. బాబాయికి నేనే ఫోన్ చేశాను. ఆయన ఫోన్ చెల్లెకు ఇమ్మన్నాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు, వినడానికి ప్రయత్నించనూ లేదు. ఫోన్ తిరిగి ఇస్తూ చెల్లె, బూట్లు కొత్తవి కావాల్నా అని అడిగిండు అని మాత్రం చెప్పింది.

సాయంత్రం ఇంట్లో అమ్మమ్మ చెల్లెను కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఎంతమంది కండ్లు పడ్డయో ఏమో అని గొణిగింది. నేను ఆక్షేపించలేదు. పొద్దున మెచ్చుకుని సాయంత్రం దిష్టి తీయడంలో నాకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. మిరపకాయల ఘాటుకు అందరం దగ్గుతూ నవ్వాం.

ఒక్క పిల్ల గెలిచినంత మాత్రాన సిద్ధాంతం నిలబడదని వేదిక మీద నన్ను ఎవరైనా నిలదీయవచ్చు. ఒప్పుకుంటాను. చెల్లె చేతులు ఇప్పటికీ ఆటకు ముందు చల్లబడతాయి. ఓడిన రోజులూ వస్తున్నాయి. కానీ ఇప్పుడు లోపలి ప్రతివాది లేచి సాక్ష్యం అడిగితే చూపించడానికి ఆమె దగ్గర కొన్ని మాటలున్నాయి, వాటిని ఆమె తన కళ్లతో సరిచూసుకుంది కూడా. నాకు అది చాలు.

కాబట్టి మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఈ ఆదివారం మీ ఇంటి పిల్ల ఆడే చోటికి వెళ్లండి. మైదానం అంచున నిలబడి ఒక పూట చూడండి. గెలుస్తావులే అని చెప్పకండి, అది మీకూ తెలియదు. మీకు కనిపించిన ఒక్క సంగతి, కాలు ఎలా పడిందో, ఊపిరి ఎలా నిలిచిందో, చూసింది చూసినట్టు ఆమెకే చెప్పండి. చెప్పడం చేతకాకపోతే ఆమెకు ఎదురు నిలబడే పిల్లలను అడగండి, వాళ్లు మొత్తుకుంటారు. దిష్టి సంగతి సాయంత్రం చూసుకోవచ్చు.